అసీల్: పందెం బరి నుంచి బ్రాయిలర్ షెడ్డు దాకా (కీసర చుట్టూ చరిత్ర – 9వ భాగం)

కిందటి భాగంలో కీసరగుట్ట మీది విష్ణుకుండినుల కోట గోడలు, బండ మీద చెక్కిన ‘తొలుచువాన్డ్రు’ అనే పాత తెలుగు మాట చూశాం. ఈ వారం గుట్ట దిగి ఊళ్ళలోకి పోదాం. ఊరి చరిత్ర అనగానే రాజులు, గుళ్ళు, చెరువులు గుర్తొస్తాయి. వాకిట్లో తిరిగే కోడికీ చరిత్ర ఉంది. అది చాలా దూరం నడిచిన చరిత్ర.

కీసర నుంచి షామీర్‌పేట, మేడ్చల్ వైపు పోయే దారుల్లో, ప్లాట్ల హద్దురాళ్ళ మధ్య ఇంకా పొడవాటి కోళ్ళ షెడ్లు కనిపిస్తాయి. పైన రేకులు, పక్కలకు జాలీ, లోపల వేలాది తెల్ల బ్రాయిలర్లు. ఇవే ఊళ్ళలో ఎవరో ఒకరి ఇంటి ముందు గంప కింద ఒక పుంజు ఉంటుంది. నిటారుగా నిలిచిన మెడ, ఒంటికి అతుక్కున్న గట్టి ఈకలు, లావుపాటి కాళ్ళు, చూడగానే అసీల్ అని తెలిసిపోయే నిలువు. షెడ్డులోది సీమకోడి, గంప కిందిది నాటుకోడి అని రెండింటినీ విడదీసి మాట్లాడుతాం. కానీ షెడ్డులోని తెల్లకోడి ఒంట్లో ఈ పందెం పుంజు నెత్తురు ఉంది. బ్రాయిలర్‌కు అంత వెడల్పాటి రొమ్మును ఇచ్చినవాటిలో ముఖ్యమైనది మన దేశపు అసీలే. రెండు వందల ఏళ్ళలో ఈ పక్షి ఏయే దేశాలు తిరిగి మళ్ళీ మన షెడ్లలోకి వచ్చిందో ఈ భాగంలో చెప్పుకుందాం.

అడవి నుంచి వాకిట్లోకి

ఇంటికోడికి మూలం ఎర్ర అడవికోడి అని చార్లెస్ డార్విన్ 1868లో అచ్చయిన తన గ్రంథంలో రాశాడు. కలకత్తా మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్ రాసి పంపిన సంగతులు ఆయనకు ఎంతో పనికొచ్చాయి. ఆ అడవికోడి మొదట ఎక్కడ మచ్చికైందనే ప్రశ్న మాత్రం చాలాకాలం నలిగింది. సింధు లోయ అని కొందరు, చైనా అని కొందరు వాదించారు. 2020లో 800కు పైగా కోళ్ళ జన్యువులను పోల్చి చూసిన పరిశోధకులు నైరుతి చైనా, ఉత్తర థాయ్‌లాండ్, మయన్మార్ అడవుల్లో బతికే ఉపజాతే ఇంటికోడికి అందరికంటే దగ్గరి చుట్టమని తేల్చారు. థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ తవ్వకాల్లో బయటపడిన ఎముకలు క్రీ.పూ. 1650కీ 1250కీ మధ్యవని, నికరంగా ఇంటికోడివని చెప్పగలిగిన వాటిలో అవే అతి పాతవని 2022లో ఇంకో పరిశోధన చెప్పింది.

మన దక్షిణాది అడవి కూడా ఇందులో ఒక వాటా వేసింది. మన దేశంలో అడవికోళ్ళు ముఖ్యంగా రెండు రకాలు. ఎర్రది ఉత్తరానా తూర్పునా ఉంటుంది, దక్షిణాన దాదాపు గోదావరి దాకా వస్తుంది. బూడిదరంగుది అక్కడి నుంచి కిందికి, నల్లమల లాంటి అడవుల్లో కనిపిస్తుంది. ఎర్ర అడవికోడి చర్మం తెలుపు, కాళ్ళు సీసం రంగు. మరి చికెన్ దుకాణంలో మనం రోజూ చూసే పసుపు కాళ్ళు ఎక్కడివి? 2008లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం ఈ చిక్కు విప్పింది. చర్మాన్నీ కాళ్ళనీ పసుపుగా మార్చే జన్యురూపం బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చింది. అన్ని కోళ్ళకూ ఒక్క అడవికోడే మూలమని డార్విన్ అనుకున్నాడు. ఆయన లెక్కకు దక్షిణ భారతం చేసిన సవరణ ఇది. ప్రపంచంలో ఎక్కడ పసుపు కాళ్ళ కోడి కనిపించినా అందులో మన దక్షిణాది అడవి ఆనవాలు ఉన్నట్టే.

నారికేళం, బలాక, చిట్టిమల్లు

కోళ్ళను జాతులుగా గుర్తించి, ఏ జాతికి ఏది ఈడుజోడో లెక్కవేయడం మనకు కొత్త విద్య కాదు. కంచి పల్లవుల కాలపు దండి రాసిన దశకుమారచరితంలో పదిమంది కుమారుల్లో ఒకడైన ప్రమతి శ్రావస్తికి పోతూ దారిలో ఒక వర్తకుల ఊళ్ళో ఆగుతాడు. అక్కడ కోడిపందెం కోలాహలం. నారికేళ జాతి పుంజు బలంలోనూ ఒంటిలోనూ పెద్దదని చూసుకోకుండా, దాని మీదికి బలాకా జాతి పుంజును వదిలారే అని ప్రమతి ఆశ్చర్యపోతాడు. దాదాపు 1,300 ఏళ్ళ కిందటి మాట. ఆ రెండు జాతులూ నేటి ఏ కోళ్ళకు పూర్వీకులో తేల్చే దారి లేదు. అయినా పందెం కోళ్ళకు జాతిపేర్లు ఉండేవని, చూసేవాడు ఒక్క చూపులో జాతిని పోల్చేవాడని ఈ ఘట్టం రుజువు చేస్తోంది. ఈ కావ్యాన్ని 13వ శతాబ్దిలో తెలుగు చేసినవాడు కేతన. దాన్ని తిక్కనకు అంకితమిచ్చి ‘అభినవదండి’ అనిపించుకున్నాడు.

పందెం కోడి అనగానే భీమవరం, కోనసీమ గుర్తొచ్చేట్టు ఇప్పటి టీవీ ఛానళ్ళు చేశాయి. తెలంగాణకు ఇది అరువు వినోదం అన్నట్టు మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోను. ‘క్రీడాభిరామం’ తెరిస్తే చాలు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక రోజంతా ఓరుగల్లు వీధుల్లో తిరుగుతారు. వాళ్ళు చూసిన వేడుకల్లో కోడిపందెం ఉంది, పొట్టేళ్ళ పందెం ఉంది. ఆ వీథినాటకం వల్లభరాయునిదా శ్రీనాథునిదా అని పండితులు తగువు పడ్డారు గానీ, అది చూపించే నగరం ఏదన్న దాంట్లో తగువు లేదు. కాకతీయుల రాజధాని. కీసర నుంచి తూర్పుగా పోతే ఒక పూట ప్రయాణం. తెలుగు గ్రంథాల్లో మొట్టమొదటి సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’లో సురవరం ప్రతాపరెడ్డిగారు కావ్యాల్లోని ఇలాంటి వినోదాలనే ఏరి పేర్చి, జనం బతుకును చరిత్రగా నిలబెట్టారు. తెలంగాణ బిడ్డ చేసిన ఆ పనిని ముందు పెట్టుకుంటే, ఈ నేలకు పందెం కోడి పరాయిది అనే మాట నిలవదు.

పల్నాటి కథ అందరికీ తెలిసిందే కాబట్టి త్వరగా దాటుతాను. గురజాల పక్షాన నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు. బ్రహ్మనాయుడి పుంజు చిట్టిమల్లు. పందెంలో ఓడినవాళ్ళు ఏడేళ్ళు రాజ్యం వదిలిపోవాలని ఒడంబడిక. మాచర్ల ఓడింది. తర్వాత జరిగింది 12వ శతాబ్ది చివరి కారంపూడి యుద్ధం. ఇప్పటికీ ప్రతి కార్తీకంలో కారంపూడిలో అయిదు రోజులు జరిగే వీరారాధన ఉత్సవాల్లో ఒక రోజు పేరు ‘కోడిపోరు’. ఒక పుంజుకు పేరు పెట్టుకుని ఎనిమిది వందల ఏళ్ళు గుర్తుంచుకున్న జాతి మనది. ఆ పుంజు ఏ జాతిదో, ఏ రంగుదో పట్టించుకోకుండా వదిలేస్తే ఆ జ్ఞాపకం సగమే.

రంగుల లెక్క

పందెగాళ్ళ చేతుల్లో తిరిగే కుక్కుట శాస్త్రంలో రెండు పాళ్ళు ఉన్నాయి. ఏ రోజున, ఏ నక్షత్రంలో, ఏ దిక్కు నుంచి వదిలితే ఏ రంగు కోడి ఏ రంగు కోడిని గెలుస్తుందో చెప్పేది ఒక పాలు. అది జోస్యం, నేను నమ్మను. ఇంకో పాలు రంగుల పేర్లు. ఇది ఎన్నో తరాల పెంపకందార్లు కళ్ళతో చూసి కట్టిన వర్గీకరణ. దీన్ని పారేసుకోకూడదు.

ఒళ్ళంతా నల్లగా ఉంటే కాకి. తెల్లగా ఉంటే సేతు. ఎర్రటిది డేగ. రెక్కల మీదో వీపు మీదో పసుపు ఈకలు మెరిస్తే నెమలి. మెడ మీది ఈకలు మాత్రం నల్లనైతే సవల. మెడ మీద నలుపు, తెలుపు సరిసమానంగా కలిస్తే పర్ల. ఎరుపులో బూడిదరంగు కలిస్తే మైల. నలుపు, ఎరుపు, పసుపు మూడూ ఉంటే కౌజు. ఒక్కో ఈకలోనే మూడు రంగులు ఉంటే పూల. తెలుపు ఎక్కువై అక్కడక్కడ నలుపు, గోధుమ చారలుంటే పింగళ. తెలుపులో లేత ఎరుపు కలిస్తే గేరువా. లేత బంగారు ఛాయది అబ్రాసు. ముంగిస వెంట్రుక రంగుది ముంగిస. ఇవి మూలపు రంగులు. వీటిని జతచేసి కాకిడేగ, కాకినెమలి అంటూ ఇంకెన్నో పేర్లు కడతారు. కాకిడేగ అనగానే నలుపు ఎక్కడ ఆగి ఎరుపు ఎక్కడ మొదలవుతుందో పెంపకందారు కళ్ళకు కడుతుంది.

హైదరాబాద్ పాతబస్తీలో అసీల్ ప్రియులకు ఇదే పని చేసే ఇంకో పేర్ల వరస ఉంది, ఉర్దూలో. బంగారు ఎరుపుది పీలా, నలుపు ఎరుపు కలిసింది యాకూబ్, తెల్లది నూరీ, నల్లది కాగర్, నలుపు తెలుపు వెండి మెరుపుది చిట్టా, గోధుమది టీకర్, లేత ఎరుపుది రెజా. పశువైద్య పుస్తకాలు అసీల్ గురించి రాసేటప్పుడు ఈ పేర్లనే ఎత్తి రాస్తాయి. డేగ, సవల, పర్ల ఆ పుస్తకాల్లోకి ఎక్కలేదు. పల్లెలో పెంచినవాడి మాట కాగితం మీదికి రాకపోవడం వల్ల జరిగిన నష్టం ఇది. నగరానికీ పల్లెకూ మధ్యన ఉన్న కీసర, షామీర్‌పేట ఊళ్ళలో ఈ రెండు వరసలూ తెలిసినవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళున్నప్పుడే రాసుకోవాలి.

కత్తి కోడిని మార్చింది

అసీల్‌ను ముందు నుంచి చూస్తే దాని కట్టుబడి అర్థమవుతుంది. భుజాలు వెడల్పు, తోక దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు సన్నం. మెడ పొడవు, ఎముక బరువు. తల మీద రంపపు పళ్ళలాంటి పెద్ద తురాయి ఉండదు, మూడు వరసల బుడిపెలతో నెత్తికి అతుక్కున్న చిన్న తురాయి ఉంటుంది. గదవ కింద తమ్మెలు దాదాపు లేనట్టే. ఎదుటి కోడి ముక్కుతో పట్టుకునేందుకు ఏమీ మిగలకుండా, తరతరాల ఏరివేతలో ఇలా తయారైంది. ఈకలు పలచన, గట్టి. రొమ్ము ఎముక దగ్గర చర్మం బయటికే కనిపిస్తుంది. పుంజు 4 నుంచి 5 కిలోలు, పెట్ట 3 నుంచి 4 కిలోలు తూగుతుంది. పిల్లలు ఈకలు సరిగ్గా రాకముందే ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. అందుకే పుంజుపిల్లలను వేరుచేసి, కాలికి తాడు కట్టి ఎడంగా పెంచుతారు.

ఈ ఒళ్ళు కత్తి పందేనికి పుట్టింది కాదు. లక్నోలో, హైదరాబాద్‌లో నవాబుల కాలం నాటి ముర్గ్‌బాజీలో పుంజు తన కాళ్ళతో, ముక్కుతోనే తలపడేది. పోరు గంటల తరబడి సాగేది. మధ్యమధ్య పుంజులను ఎత్తి, నీళ్ళు చిలికి, సేదదీర్చి మళ్ళీ వదిలేవారు. అలాంటి పోరులో నిలిచేది బరువైన ఎముక, ఆగని ఊపిరి, దెబ్బ తిని వెనక్కి తగ్గని గుండె. అసీల్‌లో మనం చూసే ప్రతి లక్షణం ఆ పోరు ఏరి నిలిపిందే.

కోస్తాలో కాలికి కత్తి కట్టారు. అక్కడ పోరు కొన్ని క్షణాల్లో ముగుస్తుంది. అందులో బరువు, ఓర్పు కంటే మొదటి ఎగురు ముఖ్యం. తేలికైన ఒళ్ళు, వేగమైన కాలు కావాలి. దాంతో పెంపకందార్ల చూపు మారింది, కోడీ మారింది. ఈ మధ్య కాలంలో పెరూ దేశపు జాతులను తెచ్చి నాటు పెట్టలతో దాటించడం గోదావరి జిల్లాల్లో పెద్ద వ్యాపారమైంది. పుంజులకు బాదం, కీమా, ఉడికించిన గుడ్లు తినిపించి, ఈత కొట్టించి, లక్షల ధరకు అమ్ముతున్నారు. దీన్ని చాలామంది సంప్రదాయమని పిలుస్తున్నారు. నా లెక్కలో మన జాతికి కత్తి చేసిన గాయాల్లో ఇది రెండోది. మొదటిది బరిలో చచ్చే పుంజు. రెండోది పెరట్లో సంకరమై మాయమయ్యే మూలజాతి.

అసీల్ ఒక్కటే మన జాతి కాదు. విజయనగరం, శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో డంకి అనే పోరుకోడి ఉంది. శ్రీకాళహస్తి పేరుతో కాళస్తి జాతి ఉంది. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దుల్లో ఘాగస్ ఉంది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యువనరుల బ్యూరో వీటన్నిటికీ జాతులుగా గుర్తింపు ఇచ్చింది. అసీల్ సొంత నేలగా ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్ పేర్లు అక్కడ నమోదయ్యాయి.

కార్న్‌వాల్, కాలిఫోర్నియా, కీసర

1780ల్లో లక్నో నవాబు ఆసఫుద్దౌలా కొలువులో మార్డంట్ అనే ఈస్టిండియా కంపెనీ కల్నల్ ఉండేవాడు. అతను ఏర్పాటు చేసిన కోడిపందేన్ని యోహాన్ జోఫనీ అనే చిత్రకారుడు పెద్ద తైలవర్ణ చిత్రంగా వేశాడు. నవాబు, తెల్ల దొరలు, కోళ్ళను పట్టుకున్న మనుషులు, చుట్టూ గుంపు. వారన్ హేస్టింగ్స్ కోసం వేసిన ఆ చిత్రం ఇప్పుడు లండన్‌లో టేట్ గ్యాలరీలో ఉంది. కంపెనీ దొరలకు అసీల్ మీద పుట్టిన మోజుకు అది సాక్ష్యం. వాళ్ళు ఇంటికి పోతూ ఓడల్లో కోళ్ళను కూడా తీసుకుపోయారు.

అలా తీసుకుపోయినవాళ్ళలో బెంగాల్ సైన్యానికి చెందిన వాల్టర్ రాలీ గిల్బర్ట్ పేరు ముఖ్యం. ఇంగ్లండులో నైరుతి కొసన ఉన్న కార్న్‌వాల్ ఆయన సొంత ప్రాంతం. 1820 ప్రాంతంలో ఎర్ర అసీల్‌ను ఆంగ్లదేశపు పందెం కోడితో కలిపి కొత్త జాతికి ఆయనే పునాది వేశాడని అక్కడి పెంపకందార్లు చెప్పుకుంటారు. దాని పేరు ‘ఇండియన్ గేమ్’. అమెరికాలో తర్వాత అది ‘కార్నిష్’ అయింది.

ఈ కథలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే సంవత్సరం 1835. ఆ ఏడు బ్రిటిష్ పార్లమెంటు కోడిపందేలను నిషేధించింది. పందెం పోతే కోడి కూడా పోవాలి కదా? పోలేదు. పెంపకందార్లు బరి వదిలి ప్రదర్శనశాలకు వచ్చారు. 1845లో లండన్ జూలో మొదటి పెద్ద కోళ్ళ ప్రదర్శన జరిగింది. పోటీ కొనసాగింది, కాకపోతే నెత్తురు లేకుండా. మెడ ఎలా నిలవాలి, కాలు ఎంత దూరంగా పెట్టాలి, రొమ్ము ఎంత వెడల్పు ఉండాలి అని ప్రమాణాలు రాసుకున్నారు. హెర్బర్ట్ అట్కిన్సన్ లాంటివాళ్ళు అసీల్ గురించి జీవితమంతా రాశారు, బొమ్మలు గీశారు. చిన్న కట్టుబడి అసీల్‌ను వాళ్ళు రెజా అని పిలిచారు. మన పాతబస్తీలో లేత ఎరుపు రంగుకు వాడే పేరే ఇంగ్లండు పుస్తకాల్లో కట్టుబడి పేరుగా కనిపిస్తుంది.

ఇండియన్ గేమ్ విజ్ఞానానికి చేసిన మేలు ఒకటుంది. 1900లో మెండెల్ సూత్రాలు తిరిగి వెలుగు చూశాయి గానీ అవి బఠానీ మొక్కలకే పరిమితమా, జంతువులకూ వర్తిస్తాయా అన్నది తేలలేదు. 1902లో విలియం బేట్‌సన్ కోళ్ళ తురాయిలతో ప్రయోగాలు చేసి, జంతువుల్లోనూ అదే లెక్క నడుస్తుందని చూపించాడు. బఠానీ తురాయి అని పిలిచే బుడిపెల తురాయి కోసం ఆయన వాడిన పక్షి ఇండియన్ గేమ్. ఆ తురాయి దానికి వచ్చింది అసీల్ నుంచి. ఇంటర్ బయాలజీ పుస్తకంలో గులాబీ తురాయి, బఠానీ తురాయి, వాటి కలయికలో పుట్టే వాల్‌నట్ తురాయి, 9:3:3:1 నిష్పత్తి చదివిన పిల్లలందరూ తెలియకుండానే అసీల్ మనవళ్ళ గురించి చదివారు. కీసర, మేడ్చల్ కాలేజీల్లో ఆ పాఠం చెప్పే లెక్చరర్లు దయచేసి ఈ మాట కూడా చెప్పండి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికాలో మాంసం కోసం ప్రత్యేకమైన కోడి కావాలనే ఆలోచన గట్టిపడింది. ఏ అండ్ పీ అనే కిరాణా దుకాణాల సంస్థ డబ్బు పెట్టి ‘రేపటి కోడి’ పేరుతో దేశవ్యాప్త పోటీ నడిపింది. 1948లో జాతీయ విజేత కాలిఫోర్నియాకు చెందిన చార్లెస్ వాంట్రెస్. ఆయన కోడి కార్నిష్‌నూ న్యూ హాంప్‌షైర్‌నూ కలిపి పుట్టించింది. 1951లోనూ ఆయనే గెలిచాడు. వెడల్పాటి రొమ్ముకు కార్నిష్, ఎదుగుదలకు, గుడ్లకు ఇంకో జాతి అనే సూత్రం అక్కడ స్థిరపడింది. ఈ రోజు ప్రపంచమంతటా బ్రాయిలర్ పుట్టుక ఆ సూత్రం మీదే: తండ్రి వైపు కార్నిష్, తల్లి వైపు వైట్ ప్లిమత్ రాక్. వాంట్రెస్ సంస్థ తర్వాత కాబ్ సంస్థతో కలిసి కాబ్-వాంట్రెస్ అయింది.

మన దగ్గర 1971లో వెంకటేశ్వర హాచరీస్‌ను స్థాపించిన బి.వి.రావు హైదరాబాద్ మనిషి. 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, రోజూ పేపర్లో గుడ్డు ధర ప్రకటించే ఆ ‘నెక్’, ఆయన చొరవతోనే ఏర్పడింది. వెంకటేశ్వర హాచరీస్ మన దేశానికి తెచ్చిన బ్రాయిలర్ పేరు వెన్‌కాబ్. ఆ పేరులోని కాబ్ అమెరికాది. ఆ కాబ్ కోళ్ళ రొమ్ము కార్నిష్‌ది. ఆ కార్నిష్ నెత్తురు అసీల్‌ది. కీసర షెడ్డులో 40 రోజులు దాటగానే లారీ ఎక్కే కోడి వంశవృక్షం ఇది. 2019 పశుగణనలో తెలంగాణలో లెక్కకొచ్చిన కోళ్ళు దాదాపు 8 కోట్లు. అందులో షెడ్లలో పెరిగే మాంసపు కోళ్ళన్నిటికీ గంప కింది పుంజు ముత్తాత వరస.

రాజేంద్రనగర్‌లో, అడవి పల్లెల్లో

కీసర నుంచి చూస్తే నగరానికి అవతలి కొసన, రాజేంద్రనగర్‌లో, కోళ్ళ పరిశోధన సంస్థ ఉంది. 1988లో పౌల్ట్రీ ప్రాజెక్ట్ డైరెక్టరేట్‌గా మొదలై, 2013లో డైరెక్టరేట్ ఆఫ్ పౌల్ట్రీ రీసెర్చ్ అయింది. పెరటి పెంపకానికి వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి అనే కోళ్ళను ఇచ్చింది ఈ సంస్థే. అసీల్, కడక్‌నాథ్, ఘాగస్, నికోబారీ జాతులను అక్కడ శుద్ధంగా కాపాడుతున్నారు. అసీల్‌ను కొన్ని తరాలు ఏరి పెంచి, వనశ్రీ అనే మెరుగైన రకాన్ని కూడా తయారు చేశారు. అసీల్ రూపం, రంగు, తగువు గుణం పోకుండా గుడ్లు, ఎదుగుదల పెంచడం చిన్న పని కాదు. పల్లె పెంపకంలో అసీల్ పెట్ట ఏడాదికి 40 గుడ్లు దాటడం కష్టం. షెడ్డులోని లేయర్ 300 పెడుతుంది. వ్యాపారం లెక్కలో ఇది ఓడిన కోడి. పొదగడంలో, పిల్లలను కాపాడటంలో మాత్రం దాన్ని మించినది లేదు. గద్ద వాలితే ఎదురు తిరిగే తల్లి ఇది.

ఆ గుణం విలువ అడవి పల్లెల ఆడవాళ్ళకు బాగా తెలుసు. తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆంత్ర సంస్థ, గిరిజన దీపిక కలిసి అసీల్ మీద ఏళ్ళ తరబడి పనిచేశాయి. అక్కడి ఆదివాసుల పాత ఆచారం ‘వాటా’. పెట్ట ఉన్న ఆమె దాన్ని పెట్ట లేని ఇంకొకామెకు ఇస్తుంది. ఆమె పొదిగించి పిల్లలను పెంచుతుంది. వచ్చిన పిల్లలను ఇద్దరూ పంచుకుంటారు. బ్యాంకు లేదు, వడ్డీ లేదు, చేతిలో రూపాయి లేని మనిషి కూడా కోళ్ళ మంద గలది అవుతుంది. ఆ సంస్థలు ఈ ఆచారాన్నే నిలబెట్టి, కొక్కెర తెగులుకు టీకాలు వేయించి, జాతిని తిరిగి పెంచాయి. ఈ జాతిని నిలబెట్టడానికి ఇంతకంటే మంచి దారి నాకు ఇంకొకటి తెలియదు. పందేనికి కాకుండా ఇంటి ఆస్తిగా అసీల్ బతకగలదని ఆ ఊళ్ళు చూపించాయి.

కొక్కెర తెగులు గురించి ఒక మాట. ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్‌లో 1920ల చివర గుర్తించారు కాబట్టి మన దేశంలో దానికి రాణిఖేత్ అని పేరొచ్చింది. షెడ్లలో టీకా తప్పదు. పెరట్లో ఎవరూ పట్టించుకోరు. మొదటి వారంలో లసోటా, రెండు నెలలకు ఆర్‌టూబీ టీకాలు వేయిస్తే మంద మొత్తం ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోయే గండం చాలావరకు తప్పుతుంది. మండల పశువైద్యశాలలో అడగండి.

చట్టం విషయంలో సందేహానికి తావు లేదు. 1960 జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం జంతువులను పోరుకు ఉసిగొల్పడం నేరం. 1974 నాటి గేమింగ్ చట్టం తెలంగాణలోనూ అమల్లో ఉంది. కోడిపందేలను ఆపాలని 2016 డిసెంబర్‌లో ఉమ్మడి హైకోర్టు అధికారులను ఆదేశించింది. నగర శివార్లలో ఫామ్‌హౌస్‌ల మీద పోలీసులు దాడి చేసి కోళ్ళు, కత్తులు, నగదు పట్టుకున్న వార్తలు ఏటా వస్తున్నాయి. పందెం ఆగాలి. కత్తి కట్టడంలో వీరత్వం ఏమీ లేదు, ఎదిరించే గుణం పుట్టుకతో వచ్చిన పక్షిని మన డబ్బు కోసం చంపుకోవడం తప్ప. అయితే అసీల్‌ను పెంచడం నేరం కాదు. పోలీసు దాడికి భయపడి పెంపకందారు జాతిపుంజును మాంసానికి అమ్ముకునే పరిస్థితి రాకూడదు.

పందెం లేకుండా జాతి నిలవదు అనేవాళ్ళకు 1835 తర్వాతి ఇంగ్లండే సమాధానం. మనకు కావలసింది ప్రదర్శనలు, బరువులు తూచి లక్షణాలు రాసే పోటీలు, శుద్ధమైన పుంజుకు బహుమతి. పశుసంవర్ధక శాఖ మేడ్చల్ జిల్లాలో ఏటా ఒక నాటుకోళ్ళ ప్రదర్శన పెడితే అసీల్ పెంచేవాడికి దొంగచాటు బరి అవసరం ఉండదు. మహాశివరాత్రి బ్రహ్మోత్సవాలకు కీసరగుట్టకు రాష్ట్రం నలుమూలల నుంచీ జనం వస్తారు. ఆ రోజుల్లో ఊళ్ళో ఎక్కడైనా ఒక టెంటు వేస్తే చాలు, మొదలుపెట్టవచ్చు.

కీసర, షామీర్‌పేట, మేడ్చల్, ఘట్‌కేసర్ ప్రాంతాల పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో పెద్దవాళ్ళు అసీల్ కోళ్ళు పెంచి ఉంటే, వాళ్ళు ఏ రంగును ఏ పేరుతో పిలిచేవారో, ఏ లక్షణం చూసి పుంజును ఏరేవారో, మేతకు ఏం పెట్టేవారో అడిగి రాసి పంపండి. తెలుగు పేరైనా ఉర్దూ పేరైనా సరే. పాత ఫొటో ఉంటే ఇంకా మంచిది. వచ్చినవన్నీ ఒకచోట చేర్చి ఈ ధారావాహికలోనే అచ్చు వేద్దాం. వచ్చే వారం షామీర్‌పేట చెరువు.